వెలిసిన కొద్దీ వన్నె

సంక్రాంతికి మా అమ్మాయి బెంగుళూరు నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడే దాని బట్టలన్నీ ఉతికి దొడ్లో దండెం మీద ఆరేశాను. భోజనాల వేళకి చూద్దును గదా, మా అత్తగారు దండెం దగ్గర నుంచుని ఒక జీన్సు పాంటుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. తొడల మీద నీలం సగం పోయింది. మోకాళ్ళ దగ్గర తెల్లగా వెలిసిపోయింది. కుడి మోకాలి మీద చిరుగులోంచి పోగులు వేలాడుతున్నాయి. ఆవిడ ఏమీ మాట్లాడకుండా దాన్ని దండెం మీంచి తీసి, శుభ్రంగా మడత పెట్టి, స్టీలు సామాన్ల మనిషికి వెయ్యడానికి నేను వసారాలో కట్టి ఉంచిన పాత బట్టల మూటలో చేర్చేశారు.

సాయంత్రం సంగతి బయటపడ్డాక మా అమ్మాయి ఇల్లు పీకి పందిరేసింది.

"మామ్మా, అది కొని నెల్లాళ్ళు కాలేదు! నాలుగు వేలు!"

"నాలుగు వేలు పెట్టి చిరుగులు కొనుక్కున్నావుటే?" అన్నారు మా అత్తగారు.

ఆ మాటలో వెటకారం లేదు. ఆవిడకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. చెప్పొద్దూ, నాకూ ఉంది.

మన కళ్ళముందు ఎన్ని ఫ్యాషన్లు వచ్చి పోలేదు? వీధులూడ్చే బెల్ బాటములు పోయాయి. కుక్కచెవుల్లాంటి కాలర్లు పోయాయి. మన వైపు చూసుకుంటే నైలెక్సు చీరలు పోయాయి, బుట్ట చేతులు పోయి వచ్చి మళ్ళీ పోయాయి, టెరిలిన్ అన్న మాటే ఇప్పటి పిల్లలకి తెలియదు. జీన్సు మాత్రం నూటయాభై ఏళ్ళు దాటినా కదల్లేదు. పోనీ అదేమైనా ఒక్క తీరున ఉందా అంటే అదీ లేదు. కాళ్ళ దగ్గర వెడల్పయింది, ఒంటికి అతుక్కుంది, నడుం కిందికి జారింది, ఇప్పుడు మళ్ళీ సంచిలా వదులయింది. అయిదారేళ్ళకోసారి కుట్టు మారుతూనే ఉంది. మారనిది గుడ్డ ఒక్కటే. కాబట్టి దాని ఆకర్షణ ఏవిటో తేల్చాలంటే పాంటుని కాదు, గుడ్డని పట్టుకోవాలని నాకు తోచింది. దీని మీద రాసేవాళ్ళు చాలామంది పాంటు గురించే రాస్తారు.

మొట్టమొదట చెప్పే మాట గట్టితనం. చిరగదు కనక నిలిచిందంటారు. ఈ మాట వెనక ఒక మంచి కథ ఉంది, ఆడవాళ్ళం తెలుసుకోదగ్గది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో రెనో అనే ఊళ్ళో జేకబ్ డేవిస్ అని ఒక దర్జీ ఉండేవాడు. గుర్రాల మీద కప్పే దుప్పట్లూ, గుడారాలూ, బళ్ళ మీద కప్పే గుడ్డలూ కుట్టి బతికేవాడు. 1870-71 చలికాలంలో ఒకావిడ అతని కొట్టుకి వచ్చింది. ఆవిడ భర్త కట్టెలు కొట్టే పని చేసేవాడు. ఎన్ని పాంట్లు కుట్టించినా నిలవడం లేదు, ఈసారి గట్టిగా కుట్టిపెట్టమంది. గుర్రపు దుప్పట్లకి తోలు పటకాలు బిగించే రాగి రివెట్లు బల్ల మీద పడున్నాయి. వాటిని తీసి జేబుల మూలల్లో కొట్టాడు డేవిస్. అంతే, ఆ ఊరి కూలీలందరికీ అవే కావలసి వచ్చాయి. ఎవడైనా కాపీ కొట్టేస్తాడేమోనని భయం పట్టుకుంది. పేటెంటు తీసుకోవడానికి చేతిలో డబ్బు లేదు. తనకి గుడ్డ పంపే శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్ కి 1872లో ఉత్తరం రాశాడు. ఇద్దరూ కలిసి 1873 మే 20న పేటెంటు పొందారు. ప్రపంచమంతా కంపెనీకి లీవై పేరు తెలుసు, తెలిసినవాళ్ళకి దర్జీ పేరూ తెలుసు. మొగుడి పాంటు పదేపదే చిరుగుతోందని విసిగి కొట్టుకెక్కిన ఆ ఇల్లాలి పేరు మాత్రం పేటెంటు కాగితంలో లేదు. ఉంటుందని మనం అనుకోం కూడాను.

అది అలా ఉంచండి. డేవిస్ కుట్టిన ఆ మొదటి పాంటు డెనిమ్ కాదు! డక్ అని తెల్లటి మొద్దు కాన్వాసు గుడ్డ. ఆ తర్వాత కంపెనీ రెండు గుడ్డలతోనూ కుట్టింది. అవే రివెట్లు, అదే కుట్టు. గట్టితనమే కారణమైతే ఇవాళ మన పిల్లలు తెల్ల కాన్వాసు పాంట్లు వేసుకు తిరగాలి. డక్ గాలికి పోయి డెనిమ్ నిలిచిందంటే కారణం గట్టితనం కాదన్నమాట.

రెండో కారణం సినిమా అంటారు. 1953లో మార్లన్ బ్రాండో, 1955లో జేమ్స్ డీన్ వేసుకున్నారు, కుర్రకారు ఎగబడ్డారు. నిజమే. కాని సినిమా వాళ్ళు వేసుకున్నవన్నీ మనం డెబ్బయ్యేళ్ళు వేసుకున్నామా? మన దగ్గర 1998లో ఏకంగా 'జీన్స్' అనే పేరుతోనే శంకర్ సినిమా తీస్తే డబ్బింగులో అందరం చూశాం. అప్పటికే ఆ గుడ్డ మన ఊళ్ళకి వచ్చేసింది. పెరిగే పంటని సినిమా కోసుకుంది, అంతే.

ఇక గుడ్డ దగ్గరికి వస్తాను. డెనిమ్ అన్న పేరు ఫ్రాన్సులోని నీమ్ పట్టణం నుంచీ, జీన్ అన్న పేరు ఇటలీలోని జెనోవా రేవు నుంచీ వచ్చాయంటారు. నావికులు తొడుక్కునే డంగరీ మాత్రం మన బొంబాయి డోంగ్రీ పేరు మీద వచ్చింది. ఆ పేరుతో అక్కడి మోటు నూలుగుడ్డ ఓడలెక్కి వెళ్ళేది. మీ ఇంట్లో జీన్సు పాంటు ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. పైన నీలం, లోపల తెల్లన. పడుగు పోగులకి నీలం వేసి, పేక పోగులు తెల్లగానే వదిలి, ఏటవాలు గీతలు పడేటట్టు నేస్తారు. నేతలో పడుగు ఎక్కువగా పైకి తేలుతుంది కనక పైకి నీలమే కనిపిస్తుంది.

అసలు కిటుకు నీలంలో ఉంది. నీలిమందు మామూలు నీళ్ళలో కరగదు. తొట్టిలో దాని గుణం మార్చి కరిగిస్తారు. అందులో ముంచిన నూలు పైకి తీసేటప్పటికి పసుపూ ఆకుపచ్చా కలిసినట్టుంటుంది. గాలి తగిలిన కొద్దీ కళ్ళముందే నీలంగా మారుతుంది. మళ్ళీ ముంచుతారు, మళ్ళీ గాలికి తీస్తారు. ఎన్ని మునకలు వేయించినా ఆ రంగు పోగు నడిమి దాకా పట్టదు. గోడకి సున్నం కొట్టినట్టు పైపైనే పొరలు పొరలుగా కూచుంటుంది, లోపల నూలు తెల్లగానే ఉండిపోతుంది. అందుకని రాపిడి ఎక్కడ తగిలితే అక్కడ నీలం రాలి, లోపలి తెలుపు బయటపడుతుంది. మోకాలు మడిచే చోట, కూచునే చోట, జేబులో రోజూ పర్సు పెట్టే చోట. ఒకే కొట్లో ఒకే రోజున కొన్న రెండు పాంట్లు రెండేళ్ళు తిరిగేటప్పటికి ఒకటి మేస్త్రీదని, ఒకటి గుమాస్తాదని చెప్పెయ్యొచ్చు.

మనం చీరల కొట్టుకి వెళితే మొదట అడిగే ప్రశ్న ఏవిటి? "రంగు పోతుందా బాబూ?" అనే గదా! జేబురుమాలు తడిపి కొంగు మీద రుద్ది మరీ చూస్తాం. రంగు పోతుందని చెప్పి, అందుకే కొనమని అమ్మే గుడ్డ ఇది.

మన చీరకీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే పట్టుకోవాలి. మంగళగిరి చీరకి మొదట పెళ్ళిళ్ళ హోదా. రెండేళ్ళకి పేరంటాల హోదా. కాస్త వెలిస్తే ఇంట్లో కట్టుకోవడానికి. అంచు పోతే బొంతలోకి, చంటిపిల్లల కిందకి, ఉయ్యాలకి. చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. ఇందులో ప్రేమ లేదని కాదు. పురిటి పిల్లని వెయ్యి రూపాయల కొత్త తువ్వాల్లో ఎవరు పడుకోబెడతారు? అమ్మమ్మ పాత నేత చీరే కావాలి. పాతగుడ్డ మెత్తదనం మనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయితే ఆ ప్రేమంతా గడప లోపలే. వెలిసిన చీర కట్టుకుని పక్కింటి పేరంటానికి వెళితే "ఏం వదినా, ఒంట్లో బాగాలేదా?" అంటారు. చీర పాతబడితే హోదా తగ్గుతుంది. జీన్సు పాతబడితే హోదా పెరుగుతుంది. మనం గడప లోపల దాచుకున్న పాతగుడ్డ మీది మమకారాన్ని వీధిలోకి తెచ్చి, దర్జాగా నడిపించిన బట్ట ఇది. ఇస్త్రీ అడగదు, కూచుంటే నలుగుతుందన్న బెంగ లేదు, వయసు దాచుకోమనదు. దాని ఆకర్షణ అంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం.

ఆ నీలానికి మన దేశంలో ఉన్న పాత బాకీ గురించి ఒక్కమాట చెప్పకపోతే తప్పు. కడప, నెల్లూరు జిల్లాల్లో కూడా నీలిమందు చేసేవారు. బెంగాల్లో తెల్లదొరలు రైతుల మెడలు వంచి పండిస్తే 1859లో వాళ్ళు తిరగబడ్డారు. మరుసటి ఏడే, 1860లో, దీనబంధు మిత్ర రాసిన 'నీల్ దర్పణ్' నాటకం వెలువడింది. చంపారన్ లో ఇరవై వంతుల భూమిలో మూడు వంతులు నీలికే వదలాలన్న నిర్బంధం మీద 1917లో గాంధీగారు నిలబడ్డారు. 1897లోనే జర్మనీ కంపెనీ రసాయనాలతో చేసిన నీలాన్ని బజారుకి తెచ్చింది. ఇవాళ మనం వేసుకునే జీన్సు నీలం దాదాపు అంతా అదే.

మా అత్తగారి ప్రశ్నకి నేనింకా జవాబు చెప్పలేదు. వాడకం వల్ల వెలిస్తే అందం సరే, నెల్లాళ్ళ పాంటు ఎలా వెలిసింది? ఎవరి మోకాళ్ళవి ఆ చిరుగులు?

ఇక్కడే నాకు డెనిమ్ వ్యాపారం మీద కోపం. పదేళ్ళు తొడిగితే గాని రాని వయసుని పది నిమిషాల్లో తెప్పించి అమ్మడం మొదలెట్టారు. బరువులేని బుడగరాళ్ళు మిషన్లో వేసి గుడ్డతో కలిపి తిప్పడం ఒక పద్ధతి. అది కొంత నయం. ఇసకని గాలి ఒత్తిడితో గుడ్డ మీదకి చిమ్మి రంగు రాల్చడం ఇంకో పద్ధతి. ఆ ఇసక ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళితే సిలికోసిస్ వస్తుంది. అంతకుముందు గనుల్లో పనిచేసేవాళ్ళకీ, రాళ్ళు కొట్టేవాళ్ళకీ వచ్చే జబ్బు. టర్కీలో ఈ పని చేసిన పడుచు కుర్రాళ్ళకి అది పట్టుకుంది, కొందరు పోయారు. 2009లో ఆ దేశం ఇసక చిమ్మే పద్ధతిని నిషేధించింది. మరుసటి ఏడు కొన్ని పెద్ద కంపెనీలు కూడా మానేస్తామన్నాయి. ఇప్పుడు చాలాచోట్ల లేజరుతో కాలుస్తున్నారు. ఎవరి ప్రాణమూ పోకపోయినా అది దొంగ సంతకమేనని నేనంటాను. మనిషి నడిచిన నడకని గుడ్డ తనంతట తాను రాసుకోవాలి. నడవకుండానే రాయించుకోవడం ఏవిటి?

ఈ మాటే మా అమ్మాయితో అన్నాను. అది నిమ్మకు నీరెత్తినట్టు, "నువ్వు మొన్న కొన్నావే పోచంపల్లి చీర, అది నేతా, ప్రింటా?" అంది. ప్రింటే. ఆరువందలకి నేతది ఎక్కడ వస్తుంది? ఇక నోరు మూసుకున్నాను.

పోనీ ఇంకో కోణంలో దెబ్బ తీద్దామని నీళ్ళ లెక్క ఎత్తాను. లీవైస్ కంపెనీవాళ్ళే 2015లో చెప్పుకున్న లెక్క. ఒక పాంటుకి, పత్తి పండించిన దగ్గర నుంచి కొన్నవాళ్ళు ఉతుక్కుని పారేసేదాకా, 3,781 లీటర్ల నీళ్ళు. అందులో మూడింట రెండొంతులు పత్తి చేనుకే, నాలుగో వంతుకి కాస్త తక్కువ మన ఉతుకుడికి. "అందుకే జీన్సు ఉతక్కూడదమ్మా! నువ్వే ఉతికేశావు," అని నా మీదే తిప్పికొట్టింది. ఆ కంపెనీకి అప్పటి పెద్ద చిప్ బర్గ్ 2014లో ఒక సభలో తన పాంటు ఏడాదిగా ఉతకలేదని గర్వంగా చెప్పాడట. మడి కట్టుకునే అత్తగారున్న ఇంట్లో ఆ మాట గట్టిగా అనడానికి నాకు ధైర్యం చాల్లేదు సుమండీ.

పండితులు కూడా ఈ గుడ్డ మీద పుస్తకాలు రాశారు. లండన్లో డానియల్ మిల్లర్ అనే మానవశాస్త్ర ఆచార్యుడు ముకులికా బెనర్జీతో కలిసి 2003లో 'ది శారీ' అని మన చీర మీద రాశాడు. ఆయనే సోఫీ వుడ్వర్డ్ తో కలిసి 2012లో 'బ్లూ జీన్స్' రాశాడు. చీరనీ జీన్సునీ ఒకే మనిషి చదవడం నాకు నచ్చింది. ఉత్తర లండన్లో వీధి మనుషుల్ని కదిలించి చూస్తే తేలిందేమిటంటే, జీన్సు తొడుక్కున్నవాళ్ళు ఎవరి కంటా పడరట. ధనికుడో పేదో, స్వదేశీయో వలసవచ్చినవాడో తెలియదట. మామూలు మనిషిగా ఉండే హాయిని ఆ గుడ్డ ఇస్తుందట. చాలా మంచి మాట. లండన్ వరకూ ఒప్పుకుంటాను. నిజానికి ఆయనే కేరళలోని కన్నూరు వెళ్ళి అక్కడ జీన్సుకి ఉన్న హద్దుల గురించి విడిగా రాశాడు.

ఆ 'మామూలు' అన్నది మగవాళ్ళకి దొరికినంత సులువుగా మనకి దొరికిందా? అదే గుడ్డ, అదే నీలం. మగపిల్లాడు తొడుక్కుంటే పాంటు, ఆడపిల్ల తొడుక్కుంటే ప్రవర్తన. 1999లో ఇటలీ పెద్ద కోర్టు ఒక బలాత్కారం కేసులో శిక్ష కొట్టేసింది. బిగుతు జీన్సు తొడుక్కున్న పిల్ల సాయం లేకుండా దాన్ని విప్పడం అసాధ్యమట! అక్కడి మహిళా సభ్యులు జీన్సు తొడుక్కుని పార్లమెంటుకి వచ్చి నిరసన చెప్పారు. 2008లో గాని ఆ కోర్టు ఆ వాదం విడిచిపెట్టలేదు. మన దేశంలో 2021 మార్చిలో ఉత్తరాఖండ్ అప్పటి ముఖ్యమంత్రి, చిరుగు జీన్సు తొడుక్కునే తల్లి పిల్లలకి ఏం సంస్కారం నేర్పుతుందన్నాడు. ఆడవాళ్ళు తమ చిరుగు మోకాళ్ళ ఫోటోలు పెట్టి నవ్విపోయారు. నవ్వలేని సంగతి అదే ఏడు జూలైలో జరిగింది. ఉత్తర ప్రదేశ్ లోని దేవరియా జిల్లాలో పదిహేడేళ్ళ పిల్లని, జీన్సు తొడుక్కున్నదన్న గొడవలో ఇంటివాళ్ళే కొట్టి చంపారని ఆ తల్లి చెప్పింది. ఇది చదివినరోజు నాకు అన్నం సయించలేదు.

నా సంగతి కూడా ఒకటి చెబుతాను. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. 1990ల మధ్యలో అరవింద్ మిల్లువాళ్ళు రఫ్ అండ్ టఫ్ అని జీన్సు పొట్లం కట్టి అమ్మేవారు. గుడ్డ, జిప్పు, బొత్తాలు, రివెట్లు అన్నీ అందులోనే. రెండొందల లోపు ధర. మన ఊరి దర్జీ చేతే కుట్టించుకోవడం. ఆడవాళ్ళకి చీర, జాకెట్టు గుడ్డా తెచ్చినట్టు మా వారు ఒకటి తెచ్చుకున్నారు. రాజమండ్రిలో మా వీధి చివరి దర్జీ దాన్ని జానెడు పొట్టి చేసి ఇచ్చాడు. మా వారు ఆఫీసుకి వెళ్ళాక ఒక మధ్యాహ్నం, గదికి గడియ పెట్టుకుని, నేను తొడుక్కుని చూసుకున్నాను. ఆ పొట్టి నాకు సరిగ్గా సరిపోయింది. బీరువా అద్దంలో చూసుకుని ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. చేతులు మణికట్టు దాకా దిగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక నా ఒంటి మీద జేబులుండడం అదే మొదలు. గుమ్మంలో అత్తగారి చెప్పుల చప్పుడైంది. గబగబా విప్పి, మడత పెట్టేశాను.

ఆడవాళ్ళ కోసమని జీన్సు విడిగా 1934లోనే అమెరికాలో కుట్టడం మొదలెట్టారు. ఇప్పుడు మా అమ్మాయి వేసుకునేవన్నీ ఆడవాళ్ళవే. కాని వాటి జేబుల్లో వేళ్ళు మాత్రమే పడతాయి. 2018లో ఎవరో ఓపిగ్గా టేపు పెట్టి కొలిచారు. ఆడవాళ్ళ జీన్సు ముందు జేబులు మగవాళ్ళ వాటికన్నా సగటున 48 శాతం పొట్టివట! నూటయాభై ఏళ్ళ కిందట ఒక ఇల్లాలు కొట్టుకెక్కి గోల పెడితే జేబులు గట్టిపడ్డాయి. మన జేబుల కోసం ఇంకెవరు ఎక్కాలో.

కనుమ మర్నాడు స్టీలు సామాన్ల మనిషి వచ్చింది. మూట విప్పి నా చీరలు ఒక్కొక్కటే వెలుగుకి ఎత్తి చూసి పక్కన పడేసింది. అడుగున మా వారి ఆ పాత జీన్సు కనిపించింది. పదేళ్ళు స్కూటరు మీద తొడిగినది. మోకాళ్ళు వెలిసి, వెనక జేబు మీద పర్సు ముద్ర నలుపలకలుగా తెల్లగా పడి ఉంది.

"ఇట్టాంటివి ఇంకో రెండుంటే తియ్యమ్మా, పెద్ద గిన్నె ఇస్తాను," అంది.

ఆ మాట విని మా అమ్మాయి లోపల్నుంచి వచ్చి, పాంటు లాక్కుని నడుముకి ఆనించి చూసుకుంది. "వదులుగా బావుంది. ఇలా వెలిసింది ఎన్ని వేలు పెట్టినా కొట్లో దొరకదమ్మా," అని, జేబుల్లో చేతులు పెట్టి చూసి, "అబ్బ, ఎంత లోతో!" అంది. దాన్ని తన బెంగుళూరు పెట్టెలో పెట్టుకుంది. మా వారు పేపరు చాటు నుంచి ఓసారి చూసి ఊరుకున్నారు.

మిగిలిన చీరలన్నిటికీ కలిపి ఆ మనిషి ఒక చిన్న గరిటె ఇచ్చి వెళ్ళింది.